కుర్చీ తెలియని రోజు



మా పేటలో కోడి కూతకంటే ముందు స్టడీ హాళ్ళ షటర్లు లేస్తాయి. చిక్కడపల్లిలో ముప్ఫై ఏళ్ళకు పైబడి ఉంటున్నాను. పొద్దున్నే ఇందిరా పార్కుకి నడకకి బయలుదేరితే అశోక్‌నగర్ సందుల్లో పిల్లలు ఎదురవుతారు. వీపున బ్యాగు, చేతిలో నీళ్ళ సీసా, కళ్ళలో ఇంకా వదలని నిద్ర. నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి, ఆదిలాబాద్ నుంచి గ్రూప్స్ కోసం వచ్చినవాళ్ళు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో చోటు దొరికితే అదృష్టం, లేకపోతే నెలకింతని కట్టి స్టడీ హాల్లో ఒక కుర్చీ. ఆ కుర్చీలో పన్నెండు, పద్నాలుగు గంటలు. ఈ పేటలో మనిషికి ఇంటి చిరునామా కంటే కుర్చీ నంబరు ముఖ్యం.

నా వృత్తి మత్తు ఇవ్వడం. బోర్డు మీద అనెస్తీషియా అని రాసుకుంటాం గానీ వార్డులో అందరికీ నేను మత్తు డాక్టర్నే. నాకు ఆ పేరే ఇష్టం. ఈ ఉదయం మీతో మాట్లాడబోయేది నడుము గురించి. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, వెన్నుపాము ముగిసిపోయే చోటు గురించి, అక్కడ మేము గుచ్చే సూది గురించి.

కొన్నేళ్ళ కిందటి మాట. ఒక రాత్రి పదకొండింటికి ఆపరేషన్ థియేటర్ నుంచి ఫోను. ఇరవై ఏడేళ్ళ కుర్రాడు, డిస్క్ జారింది, వెంటనే కోయాలి అన్నారు. కుర్రాడి పేరు, ఊరు చెప్పను. వెళ్ళేసరికి ట్రాలీ మీద బోర్లా పడుకుని ఉన్నాడు, వెల్లకిలా పడుకుంటే నొప్పి. పక్కన అతని రూమ్మేటు. అసలు కథ ఆ రూమ్మేటే చెప్పాడు.

నెల నుంచి నడుం నొప్పి. ఎడమ కాలి వెంట పిక్క దాకా లాగేది. మెడికల్ షాపులో గోళీలు తెచ్చుకుని వేసుకునేవాడు. మంగళవారం బాత్రూంలో బకెట్ లేపితే నడుంలో ఏదో పటుక్కుమంది. ఆ సాయంత్రానికి రెండు కాళ్ళూ లాగడం మొదలైంది. బుధవారం స్టడీ హాల్లో కూర్చుని స్నేహితుడితో ఒక మాట అన్నాడట: "అన్నా, కుర్చీ తెలుస్తలేదు నాకు." స్నేహితుడు నవ్వాడు. "పొద్దుగాల్నుంచి అండ్లనే కూసుంటే తిమ్మిరెక్కదా?" అన్నాడు. నిజమే కదా, ఎవరైనా అదే అంటారు.

బుధవారం రాత్రి నుంచి ఒంటికి సరిగా రావడం లేదు. వేడి చేసిందనుకున్నాడు. సబ్జా నీళ్ళు తాగాడు, బార్లీ తాగాడు, గురువారం పొద్దున రెండు కొబ్బరి బోండాలు తాగాడు. తాగినకొద్దీ పొట్ట కింద ఉబ్బింది తప్ప, పోయాలని అనిపించనే లేదు. చుక్కలు చుక్కలుగా దానంతటదే కారుతోంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎట్లా చెబుతాడు? ఒక గదిలో ఆరుగురు. పెళ్ళికాని కుర్రాడు. లుంగీ తడిసిందని ఎవరితో అంటాడు? గురువారం రాత్రి నడవబోయి కింద పడితే, అప్పుడు బయటపడింది. ఆసుపత్రిలో గొట్టం వేస్తే లీటరు దాటి వచ్చింది.

కుర్చీ తెలియకపోవడం తిమ్మిరి కాదు. దాని పేరు కాడా ఈక్వినా సిండ్రోమ్. లాటిన్‌లో కాడా ఈక్వినా అంటే గుర్రపు తోక. ఆ పేరు పెట్టినవాళ్ళకి గుర్రాలు తెలుసు కాబట్టి గుర్రపు తోక అన్నారు. మన అమ్మమ్మలెవరైనా శవాన్ని కోసి చూసి ఉంటే దానికి తప్పకుండా జడకుచ్చులని పేరు పెట్టేవారు. ఎందుకో చెబుతాను.

వెన్నుపాము మెదడు అడుగు నుంచి ఒక జడలా దిగుతుంది. పెద్దవాళ్ళలో దాని పొడవు సుమారు 45 సెంటీమీటర్లు. మనలో చాలామంది అది వెన్నెముక చివరిదాకా, పిరుదుల దాకా ఉంటుందనుకుంటారు. ఉండదు. నడుములో ఐదు పూసలుంటాయి కదా, వాటిలో మొదటిది రెండోది కలిసే చోటికే జడ అల్లిక ముగుస్తుంది. పుట్టిన బిడ్డలో మూడో పూస దాకా ఉంటుంది. ఎముక పెరిగినంత వేగంగా పాము పెరగదు కాబట్టి బిడ్డ ఎదిగేకొద్దీ అది పైన ఉండిపోతుంది. అల్లిక ముగిశాక కింద మిగిలేవి కుచ్చులు. కాళ్ళకి, మూత్రాశయానికి, మలద్వారానికి, జననేంద్రియాలకి వెళ్ళే నరాలన్నీ విడివిడి దారాలుగా నీళ్ళలో వేలాడుతూ ఉంటాయి. ఆ నీటిని మెదడు వెన్నుద్రవం అంటాం, చూడ్డానికి మంచినీళ్ళలాగే ఉంటుంది.

ఇప్పుడు ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా 2023లో తెరిచిన స్టీల్ బ్రిడ్జి ఉంది కదా. మా అశోక్‌నగర్ నెత్తిమీదుగా, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ మీదుగా బండ్లు ఒక్క ఊపున పోతాయి. బ్రిడ్జి దిగిన చోట ఎవరి సందులోకి వాళ్ళు విడిపోతారు. ఆ దిగిన చోట లారీ ఒకటి అడ్డం పడితే ఏ ఒక్క వీధో కాదు, అన్ని వీధులూ ఒకేసారి ఆగుతాయి. అలాగే ఆ కుర్రాడి నాలుగో, ఐదో పూసల మధ్య డిస్క్ లోపలి గుజ్జు పెద్ద ముద్దగా మధ్యలోకి పొంగి, కుచ్చులనన్నిటినీ ఒక్కసారి నొక్కేసింది.

మామూలు డిస్క్ నొప్పికి అంత భయం అక్కరలేదు. ఎక్కువమందికి ఆరు వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది, కత్తి పడనే పడదు. నడుం నొప్పులన్నిటిలో ఈ జబ్బు బహు తక్కువ. కానీ వచ్చినప్పుడు గడియారం మొదలవుతుంది. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు ఒత్తిడి తీసేస్తే మూత్రం మీద అదుపు తిరిగి వచ్చే అవకాశం బాగా ఎక్కువని పాత కేసులన్నీ కలిపి చూసినవాళ్ళు తేల్చారు. నన్నడిగితే 48 అనే అంకెని పట్టుకుని కూర్చోవద్దు, మూత్రం పూర్తిగా ఆగకముందే రావాలంటాను. కొంచెం కొంచెం పోతూ ఉన్నప్పుడు వచ్చినవాడికీ, పూర్తిగా బంద్ అయ్యాక వచ్చినవాడికీ చాలా తేడా.

ఈ జబ్బు గుర్తులు ఇవి. సైకిల్ సీటు, స్కూటర్ సీటు ఒంటికి తగిలే భాగమంతా మొద్దుబారడం. కడుక్కునేటప్పుడు నీళ్ళ చల్లదనం తెలియకపోవడం. మూత్రం రావాలని అనిపించకపోవడం, లేక మొదలు కావడానికి కష్టపడటం. రెండు కాళ్ళూ లాగడం. నడుం నొప్పి ఉన్నవాళ్ళకి వీటిలో ఒక్కటి కొత్తగా వచ్చినా మెడికల్ షాపుకి కాదు, ఆ రాత్రే ఆసుపత్రికి. అక్కడ సిగ్గు విడిచి చెప్పండి. డాక్టరు వేలితో మలద్వారం దగ్గర తాకి పరీక్ష చేయకపోతే, "సార్, అక్కడ చూడరా?" అని మీరే అడగండి. తప్పేం లేదు. మా వాళ్ళలోనూ సిగ్గరులుంటారు.

ఆ రాత్రికి వస్తాను. రూమ్మేటు నన్నొక ప్రశ్న అడిగాడు. "సార్, నడుం కిందనే గదా ఆపరేషన్. నడుంల సూది ఇచ్చి చేయరా? మా వదినకు గట్లనే చేసిన్రు." తెలివైన ప్రశ్న. డిస్క్ ఆపరేషన్లు వెన్నులో మత్తుతో చేసేవాళ్ళూ ఉన్నారు. కానీ ఈ కుర్రాడికి నేను ఇవ్వను. ఇప్పటికే ఉక్కిరిబిక్కిరవుతున్న నరాలున్న చోటికి సూది పంపి, మందు పోసి, ఇంకొంచెం ద్రవం చేర్చడం నాకిష్టం లేదు. ఇంకో సంగతి, ఆపరేషన్ అయిన గంటలో కాలు కదిపి చూపించమని అడగాలి. నా మందువల్ల కదలడం లేదో, జబ్బువల్ల కదలడం లేదో తేల్చుకోలేని చోట మేమందరం చీకట్లో నిలబడతాం. అందుకే పూర్తి మత్తు, గొంతులో గొట్టం.

దాంట్లోనూ చిక్కులే. నొప్పి, నొప్పి గోళీలు, భయం, వీటివల్ల అతని కడుపు ఖాళీ కాలేదు. మత్తులో కడుపులో ఉన్నది గొంతులోకి తన్నుకొస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అలాంటప్పుడు కండరాలు క్షణాల్లో వదులు కావడానికి సక్సమెథోనియం అనే మందు మాకు చేతికి అలవాటైనది. కానీ నరం దెబ్బతిని కండ బలహీనపడి రెండు మూడు రోజులు దాటితే ఆ మందు కండలోని పొటాషియాన్ని వరదలా రక్తంలోకి వదలగలదు, గుండె ఆగవచ్చు. మంగళవారం, బుధవారం, గురువారం అని వేళ్ళ మీద లెక్కపెట్టుకుని ఇంకో మందు ఎంచుకున్నాను. తర్వాత బోర్లా పడుకోబెట్టడం. కళ్ళ మీద బరువు పడకూడదు, పొట్ట కింద ఖాళీ ఉండాలి. పొట్ట నొక్కుకుంటే వెన్ను చుట్టూ ఉన్న సిరలు ఉబ్బి, సర్జన్ కత్తి పెట్టిన చోటల్లా రక్తం ఊరుతుంది. ఇవన్నీ రోగికి తెలియవు. నిద్రపోయి లేచాననుకుంటాడు.

కుర్రాడి కాళ్ళు నెలలో బాగయ్యాయి. మూత్రం మీద అదుపు చాలామట్టుకు వచ్చింది గాని ఎనిమిది నెలలు పట్టింది. అన్నీ రాలేదు. ఏది రాలేదో రేడియోలో చెప్పను, అది అతని సొంత విషయం. మంగళవారం రాత్రి వచ్చి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

ఇప్పుడొక విచిత్రం వినండి. ఆ కుర్రాడికి జబ్బు చేసి ఏ భాగం మొద్దుబారిందో, అదే భాగాన్ని నేను కావాలని మొద్దుబార్చేవాణ్ణి, వారానికి నాలుగైదు సార్లు. మొలల ఆపరేషన్‌కి వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి వెన్నులో మందు ఇచ్చి, ఐదు నిమిషాలు అలాగే కూర్చోమంటాం. బుపివకైన్ అనే ఆ మందులో చక్కెర కలిపి ఉంటుంది. అందుకే వెన్నుద్రవం కంటే బరువు, పానకం నీళ్ళలో అడుగుకి దిగినట్టు దిగి అట్టడుగు కుచ్చులని మాత్రమే తడుపుతుంది. స్కూటర్ సీటు తగిలే భాగం మొద్దుబారుతుంది, కాళ్ళు దాదాపు మామూలుగా ఉంటాయి. దీన్ని శాడిల్ బ్లాక్ అంటాం. మనిషి చేస్తే రెండు మూడు గంటల వైద్యం, డిస్క్ చేస్తే జబ్బు. తేడా ఒక్కటే. నాది తిరిగి వస్తుందని నాకు తెలుసు.

తిరిగి రాకపోతే? ఇది కూడా వినండి. ఆపరేషన్ అయ్యాక నాలుగైదు గంటలకి కాళ్ళు కదలాలి. ముందు కొంచెం వచ్చి మళ్ళీ మొద్దుబారినా, నడుంలో కొత్తగా తీవ్రమైన నొప్పి వచ్చినా నర్సమ్మని అప్పుడే పిలవాలి. "రాత్రిపూట ఎందుకు లేపాలి పాపం" అనుకోవద్దు. వెన్నులో రక్తం గడ్డకట్టి కుచ్చులని నొక్కుతూ ఉండవచ్చు. చాలా అరుదు, కానీ ఎనిమిది గంటల్లోపు తీసేస్తేనే మంచి ఫలితం. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళలో ఈ భయం ఎక్కువ. గుండెకి స్టెంట్ వేయించుకుని క్లోపిడోగ్రెల్ వేసుకునేవాళ్ళు వెన్నులో సూదికి ఐదు నుంచి ఏడు రోజుల ముందు దాన్ని ఆపాల్సి రావచ్చు. ఆపడం గుండె డాక్టరు చెప్పాకే, మీ అంతట మీరు కాదు. పొట్టమీద పొడిచే ఎనాక్సపారిన్ అయితే చిన్న మోతాదుకి 12 గంటలు, పెద్ద మోతాదుకి 24 గంటలు ఎడం ఉండాలి. వానాకాలం డెంగీ జ్వరంతో ప్లేట్‌లెట్లు పడిపోయినవాళ్ళకీ ఇదే జాగ్రత్త. ఇంట్లో వేసుకునే గోళీలన్నీ ఒక కవర్లో వేసి తీసుకురండి. "ఎర్రగోళీ, తెల్లగోళీ" అంటే నాకు అర్థం కాదమ్మా.

మా ఊరికి మత్తుతో చాలా పాత చుట్టరికం ఉంది. నారాయణగూడ నుంచి కోఠి ఎంత దూరం? అక్కడి బ్రిటిష్ రెసిడెన్సీకి ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ ఉండేవాడు. హైదరాబాద్ మెడికల్ స్కూలుకి ఆయనే పెద్ద. క్లోరోఫాంతో మనుషులు ఎందుకు చనిపోతున్నారు, ముందు ఆగేది గుండెనా ఊపిరా అని ప్రపంచమంతా కొట్టుకుంటున్న రోజులవి. 1888లో ఒక కమిషన్, దాని తీర్పు లండన్ వాళ్ళు ఒప్పుకోకపోతే 1889లో ఇంకొకటి. రెండోదానికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బిచ్చి, లండన్ నుంచి లాడర్ బ్రంటన్‌ని రప్పించాడు. వందల జంతువుల మీద పరీక్షలు చేసి, ముందు ఆగేది ఊపిరే, కాబట్టి నాడిని కాదు ఊపిరిని చూడండి అని తేల్చారు. ఆ తీర్పు సగమే నిజం. క్లోరోఫాం గుండెనే నేరుగా గతి తప్పించగలదని 1911లో ఇంగ్లండులో గుడ్‌మన్ లీవీ చూపించాడు. కానీ లారీ దగ్గర చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ యువతి క్లోరోఫాం ఇవ్వడమే వృత్తిగా చేసుకుని, ప్రపంచంలో తొలి మహిళా అనెస్తీషియా వైద్యురాలిగా పేరు తెచ్చుకుంది. ఆవిడ పేరు మీద మా పేటలో ఒక సందు అయినా లేదని నాకు చిన్న కోపం.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, క్లోరోఫాం పీల్చిన మనిషి మాట్లాడడు. అందుకే గుండె ఏమంటోంది, ఊపిరి ఏమంటోంది అని రెండు ఖండాల పండితులు వాదించుకోవాల్సి వచ్చింది. రెండో కమిషన్‌కి తొమ్మిదేళ్ళ తర్వాత, 1898 ఆగస్టు 16న జర్మనీలో కీల్ పట్టణంలో ఆగస్ట్ బియర్ అనే సర్జన్, చీలమండకి క్షయ పట్టిన ఒక కూలీ వెన్నులో కొకైన్ ఇచ్చి ఆపరేషన్ చేశాడు. మనిషి మెలకువగా ఉన్నాడు, నొప్పి లేదు. వారం తిరిగాక బియర్ తన వెన్నులోనే గుచ్చమన్నాడు. సిరంజీ సూదికి అమరలేదు, మందు పోవడానికి బదులు వెన్నుద్రవం బయటికి కారిపోయింది. అప్పుడు హిల్డెబ్రాంట్ అనే సహాయకుడు నాకివ్వండి అన్నాడు. అతనికి ఇచ్చి, ఇనుప సుత్తితో మోకాలి కింద ఎముక మీద కొట్టి చూశారు, కాలే చుట్టతో కాల్చి చూశారు. అతనికి తెలియలేదు. ఆ రాత్రి ఇద్దరూ వైన్ తాగారు. మర్నాటి నుంచి ఇద్దరికీ తలనొప్పి. బియర్‌కి లేస్తే తల పగిలిపోవడం, పడుకుంటే తగ్గడం, తొమ్మిది రోజులు.

ఆ తలనొప్పిని మా వార్డుల్లో ఇప్పటికీ చూస్తాం. సూది చేసిన రంధ్రం గుండా ద్రవం ఊరిపోతుంటే వస్తుంది. ఈ రోజుల్లో వెంట్రుకంత సన్నని, పెన్సిల్ ములుకులాంటి మొనగల సూదులు వచ్చాక బాగా తగ్గింది. అత్తగారు "తల ఎత్తకు, దిండు పెట్టకు" అని బాలింతని ఇరవై నాలుగు గంటలు కట్టిపడేస్తుంది. పడుకోబెట్టడం వల్ల ఆ తలనొప్పి రాకుండా ఆగదని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. పాపం ఆ పిల్లని లేచి బిడ్డని ఎత్తుకోనివ్వండి. తీవ్రంగా వచ్చి తగ్గకపోతే, ఆమె చేతి రక్తమే 15, 20 మిల్లీలీటర్లు తీసి ఆ రంధ్రం దగ్గర వేస్తే అతుకు పడుతుంది. చూడ్డానికి నాటు వైద్యంలా ఉంటుంది, పని చేస్తుంది.

ఇక అందరూ అడిగే ప్రశ్న. "సార్, నడుంల సూది ఇస్తే జిందగీ అంతా నడుం నొప్పేనట గదా?" నారాయణగూడ కూరగాయల మార్కెట్‌లో కూడా నన్నాపి అడిగారు. సూది గుచ్చిన చోట కొన్నాళ్ళు నొప్పి ఉండటం నిజమే. ఏళ్ళ తరబడి ఉండే నొప్పి, సూది పడినవాళ్ళలోనూ పడనివాళ్ళలోనూ దాదాపు సమానమే. తొమ్మిది నెలలు మోసిన నడుము, ఆపైన వంగి ఎత్తుకున్న బిడ్డ, వంగి తోమిన అంట్లు, వీటన్నిటి మీద ఎవరూ ఫిర్యాదు చేయరు. సూది ఒక్కటే దొరికింది.

భయానికి మూలం లేకపోలేదు. 1947 అక్టోబరు 13న ఇంగ్లండులోని చెస్టర్‌ఫీల్డ్‌లో చిన్న ఆపరేషన్లకి వచ్చిన వూలీ, రో అనే ఇద్దరికి ఒకే రోజు వెన్నులో మత్తు ఇచ్చారు. ఇద్దరి కాళ్ళూ శాశ్వతంగా పడిపోయాయి. గాజు ఆంపూల్స్‌ని ముంచి ఉంచిన ఫినాల్, కంటికి కనపడని పగుళ్ళ గుండా లోపలికి దిగిందని కోర్టు నమ్మింది. పాత్రలు కడగడానికి వాడిన ఆమ్లం మిగిలిపోయి ఉంటుందని తర్వాతివాళ్ళు అన్నారు. ఏదైనా, నేరం సూదిది కాదు. కానీ ఆ దేశంలో వెన్నులో మత్తు కొన్నేళ్ళపాటు మూలపడింది.

సూది వల్ల నరం దెబ్బతినే అవకాశం లేదని చెబితే మాత్రం అబద్ధం చెప్పినట్టే. తుంటి ఎముకల పైఅంచులని రెండు చేతులతో పట్టుకుని, మధ్యన ఒక గీత ఊహించుకుని, అది నాలుగో పూస అనుకుంటాం. అక్కడో దాని పైసందులోనో గుచ్చితే కింద ఉండేది కుచ్చులే, నీళ్ళలో దారాలు సూదికి పక్కకి తొలగినట్టు తొలగుతాయి. కానీ మా చేతులు అనుకున్నంత నమ్మకమైనవి కావు. 2000లో ఇంగ్లండులో అనెస్తీషియా వైద్యులని పూస గుర్తించమని చెప్పి ఎమ్మారైతో సరిచూస్తే, సరిగ్గా చెప్పింది నూటికి 29 సార్లే. ఎక్కువగా తాము అనుకున్నదానికంటే పైనే ఉన్నారు. కొందరిలో వెన్నుపాము రెండో పూస కింది అంచు దాకా దిగి ఉంటుంది. మేము పైకి, అది కిందికి, రెండూ ఒకరోజు కలుసుకుంటే? ఆ మరుసటి ఏడాది, 2001లో, అలాంటి ఏడుగురి కేసులు ప్రచురించారు. వాళ్ళందరికీ సూది పడ్డప్పుడు నొప్పి పుట్టింది.

అందుకే రోగికి నేను రెండు మాటలు చెబుతాను. కదలకండి. కానీ మాట్లాడండి. కాల్లో కరెంటు కొట్టినట్టు ఉంటే వెంటనే చెప్పండి, నేను ఆపుతాను, సూది వెనక్కి తీస్తాను. చాలామంది పళ్ళు బిగబట్టి ఓర్చుకుంటారు, మంచి రోగి అనిపించుకోవాలని. నాకు మంచి రోగి వద్దు, నోరున్న రోగి కావాలి.

చెప్పాల్సింది ఇంకొకటి, ఆడవాళ్ళు ముఖ్యంగా దాచేది. కొందరు పిల్లలకి పుట్టుకతోనే నడుం కింద, మధ్యగీత మీద ఒక వెంట్రుకల కుచ్చో, సొట్టో, మెత్తని కొవ్వు బుడిపో ఉంటుంది. దిష్టి తీసి ఊరుకుంటారు. లోపల వెన్నెముక సరిగా మూసుకోక, వెన్నుపాము అడుగున అతుక్కుపోయి ఉండవచ్చు. బిడ్డ పెరుగుతుంటే పాము పైకి జారాలి కదా, కట్టేసిన లేగదూడ తాడు లాగినట్టు లాగుతుంది. పదేళ్ళొచ్చినా పక్క తడపడం, ఒక పాదం చిన్నదిగా ఉండటం, నడక మారడం ఇందుకే కావచ్చు. ఇలాంటి మనిషి ఇరవై ఐదేళ్ళకి కాన్పుకి వస్తే, నేను కుచ్చులున్నాయనుకుని గుచ్చే చోట జడే ఉంటుంది. మచ్చ ఉందని ఒక్క మాట చెబితే స్కానింగ్ చూసి దారి మార్చుకుంటాను. వెన్నెముక చీలికతో పుట్టి చిన్నప్పటి నుంచీ ఆపరేషన్లు, మూత్రపు గొట్టాలు అలవాటైన పిల్లల్లో కొందరికి రబ్బరు గ్లౌజులు పడవు, ఒళ్ళంతా దద్దుర్లొచ్చి ప్రాణం మీదికి వస్తుంది. అదీ ముందే చెప్పాలి. గర్భం రాకముందు నుంచే రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ వేసుకుంటే ఈ చీలికల్లో చాలా భాగం రాకుండా ఆపవచ్చు. గోళీ ఖరీదు టీ ఖరీదు కంటే తక్కువ.

మా వృత్తికి ఈ రాష్ట్రం ఇంకొక పరీక్ష పెట్టింది, ఫ్లోరైడ్. మన దేశంలో దాన్ని వైద్యులు మొదట గుర్తించింది తెలుగు నేలమీదే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించి రాశారు. తర్వాత ఆ దుఃఖానికి నల్లగొండ మారుపేరైంది. నీళ్ళలో లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితేనే ప్రమాదం, అక్కడ దానికి ఎన్నో రెట్లు తాగారు. వెన్నెముకని కలిపి ఉంచే పట్టీలు ఎముకలైపోతాయి, లోపలి సొరంగం ఇరుకైపోతుంది, వెన్నుపాము నలుగుతుంది. హైదరాబాద్ న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి దశాబ్దాల పాటు దీని మీద పని చేశారు. అలాంటి రోగి వెన్నులో సూది గుచ్చబోతే గోడకి మేకు కొట్టినట్టుంటుంది. వెన్ను వదిలి పూర్తి మత్తు ఇద్దామంటే మెడ వంగదు, గొట్టం వేయడం గగనం. పక్కటెముకలు బిగిసి ఊపిరి కూడా కష్టమే. కృష్ణా నీళ్ళు ఇళ్ళకి వచ్చాక పుట్టిన పిల్లల నడుములు వంగడం చూశాను, మామూలుగా, బంతి కోసం. ఆ వంగడం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

సమయం అయిపోవస్తోంది. ఒక కాన్పు సంగతి చెప్పి సెలవు తీసుకుంటాను. ముషీరాబాద్ నుంచి వచ్చిన ఒకావిడ, సిజేరియన్‌కి కూర్చోబెట్టాం. వణికిపోతోంది. గడ్డం ఎదకి ఆనించి, వీపు పిల్లిలా వంచమన్నాను. "కదలకమ్మా, కానీ ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు" అన్నాను. "ఏం మాట్లాడాలె సార్?" "మీ ఇంటి నుంచి కోఠికి బస్సెక్కితే వచ్చే స్టాపులు చెప్పు." కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. ముషీరాబాద్ అంది. సూది చర్మం దాటింది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ అంది. టక్కుమని చిన్న అనుభూతి నా వేళ్ళకి, మంచినీళ్ళలాంటి చుక్క సూది వెనకనుంచి మెరిసింది. చిక్కడపల్లి అంది. మందు పోసి సూది తీసేశాను. నారాయణగూడ అని ఆగిపోయింది.

"ఏమైందమ్మా?"

"కాళ్ళు ఎచ్చగైతున్నయ్ సార్."